నిమ్మబంతి పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. నీలి నేల మీద నిమ్మబంతి యురుక
చూపు చేరులోన సూటి గోలు
పక్కయింటి కేక పరుగున ముందుగా
వచ్చి చెప్పె నయ్య వార్త మనకు

అవతారిక

పారిస్ ఒలింపిక్స్‌లో హాకీ కాంస్యం కోసం భారత్, స్పెయిన్ తలపడిన 2024 ఆగస్టు 8 సాయంత్రం హెచ్‌డీ టీవీ గురించి పుట్టిన చాటువు ఇది. కర్త మా అపార్ట్‌మెంటు వాడేనని ఐతిహ్యం. మెయింటెనెన్సు బాకీ ఉన్నందున పేరు బయటపెట్టుకోలేదు. ఒక గోలు వెనకబడి ఉన్న మనకు, మొదటి సగం ముగియబోతుండగా పెనాల్టీ కార్నర్ దక్కింది. హర్మన్‌ప్రీత్ సింగ్ దాన్ని గోలు చేసి 1-1కి తెచ్చాడు. పద్యానికి సందర్భం ఆ క్షణం. విరామం తర్వాత కాసేపటికే అతను రెండోదీ కొట్టి 2-1 చేశాడు గాని, దాని మీద పద్యం లేదు. అప్పటికి కవి కూడా కేకల్లో పడ్డాడు.

దీనికి ఇదివరకే మా పక్కింటి రిటైర్డ్ తెలుగు మాస్టారు మెట్ల మీద నిలబడి మౌఖికంగా ఒక వ్యాఖ్య చెప్పారు. అవసరమైన చోట దాన్ని ఖండిస్తాను.

ప్రతిపదార్థం

నీలి నేల మీద = నీలం రంగు మైదానం మీద. ఆట పచ్చిక మీద కదా, నీలం ఎక్కడిదని శంక. పచ్చిక కథ ఒలింపిక్స్‌లో 1976లోనే ముగిసింది. ఆ ఏడాది మాంట్రియల్‌లో హాకీ కృత్రిమ మైదానం ఎక్కింది, మనం ఏడో స్థానానికి దిగాం. అయితే ఆ తర్వాత కూడా నేలకు పచ్చరంగే వేస్తూ వచ్చారు. బంతి తెల్లన, గీతలూ తెల్లన. బంతి గీత దాటుతుంటే టీవీ చూసేవాడికి గీతలో ఒక ముక్క ఊడి పరుగెత్తినట్టుండేది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో నేలకు నీలం, చుట్టూ అంచుకు గులాబీ, బంతికి పసుపు వేశారు. చూసి ముక్కు విరిచినవాళ్ళు లేకపోలేదు. నాకు మాత్రం అది హాకీ చేసిన అతి తెలివైన పని అనిపిస్తుంది. నీలం మీద పసుపు దాక్కోలేదు. ఆడేవాళ్ళకూ అది మేలే అనుకోండి. కానీ సోఫాలో పకోడీల పళ్ళెం పట్టుకుని కూర్చున్నవాడి కంటి కోసం ఒక ఆట తన నేల రంగే మార్చుకుందంటే ఆ సోఫాకు ఎంత గౌరవం!

నిమ్మబంతి = నిమ్మపండు రంగు గల బంతి. ఇక్కడ పెద్ద శంక. హెచ్‌డీ టీవీ గురించిన పద్యం అంటున్నారే, అందులో హెచ్‌డీ ఊసే లేదేమి? వాచ్యంగా లేదు, ధ్వనిగా ఉంది. హాకీ బంతి అడ్డుకొలత ఏడు సెంటీమీటర్ల పైచిలుకు, మైదానం పొడవు 91.4 మీటర్లు. తెర మీద సగం మైదానం కనిపిస్తోందనుకుందాం. పాత టీవీ బొమ్మలో అడ్డంగా 720 చుక్కలు. ఆ లెక్కన ఒక్కో చుక్క ఆరు సెంటీమీటర్ల నేలను మోయాలి. అంటే బంతి మొత్తానికి అడ్డంగా ఒక్క చుక్క! హెచ్‌డీలో అడ్డంగా 1920 చుక్కలు కనుక బంతికి మూడు దక్కుతాయి. ఒక్క చుక్కను చూసి బంతి అని నమ్మాలే గాని నిమ్మపండు అనలేం. మూడు చుక్కలుంటేనే దానికి గుండ్రదనం, పసుపుదనం. కాబట్టి ‘నిమ్మ’ అన్న రెండక్షరాల్లోనే టీవీ ఏ రకమో కవి చెప్పేశాడు.

యురుక = దూసుకుపోగా. ఆటకు ముందు నేలను తడుపుతారు. బంతి వెనక లేచే తుంపర పాత టీవీలో మసకగా తేలేది, ఇప్పుడు విడివిడి బిందువులుగా చెదురుతుంది. గోల్‌కీపర్ మెత్తల మీద బంతులు తగిలిన మచ్చలు సైతం లెక్కపెట్టుకోవచ్చు.

పాఠాంతరం: టొరంటో ప్రతిలో మొదటి పాదం ‘తెల్ల మంచు మీద నల్లబిళ్ళ యురుక’ అని ఉంది. యతికి బదులు ప్రాసయతి, దోషం లేదు. అక్కడి మనవాళ్ళు చూసేది ఐస్ హాకీ. అందులో బంతికి బదులు మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న రబ్బరు బిళ్ళ. ఎగిరిపడకుండా దాన్ని ముందే ఫ్రీజ్ చేస్తారు. తెలుపు మీద నలుపే అయినా అది పాత టీవీలకు అందలేదు. 1996లో అమెరికాలో ఫాక్స్ ఛానల్ వారు బిళ్ళను కోసి లోపల ఎలక్ట్రానిక్స్ పెట్టి, తెర మీద దాని చుట్టూ నీలికాంతి, వేగం పెరిగితే వెనక ఎర్రటి తోక వచ్చేట్టు చేశారు. పాత అభిమానులు ఛీకొట్టారు, రెండేళ్ళకే ఆ తోక తెగింది. హెచ్‌డీ వచ్చాక తోక లేకుండానే బిళ్ళ కనపడుతోంది. మన ప్రతిలోని నిమ్మబంతే రసవత్తరమని నా పక్షం.

చూపు చేరులోన = కన్ను అక్కడికి చేరేలోపే. పెనాల్టీ కార్నర్‌లో సర్కిల్ అంచు నుంచి గోలుకు 14.63 మీటర్లు. డ్రాగ్‌ఫ్లిక్ గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళితే అర సెకను కూడా పట్టదు. గుమిగూడిన కాళ్ళ మధ్య నుంచి ఆ మూడు చుక్కలు ఎటు పోయాయో టీవీ చూపిస్తుంది, మన చూపే అందుకోదు. హెచ్‌డీ గొప్పతనమంతా రీప్లేలోనే. అప్పుడు మాత్రం కర్ర మెడ నుంచి బంతి జారడం, రక్షకుడు మాస్కులో కళ్ళు మూసుకోవడం సహా చూసి, ఆటగాడి కాలికి తగిలిందా లేదా అని అంపైరు కంటే ముందు మనమే తీర్పు ఇస్తాం.

రేడియోలో బంతి ఏనాడూ తప్పిపోలేదని మాస్టారి వాదం. 1975 కౌలాలంపూర్ ప్రపంచకప్పు ఆయన వ్యాఖ్యాత జస్‌దేవ్ సింగ్ గొంతులో ‘చూశారు’. తోసిపుచ్చలేను.

సూటి గోలు = తిన్నగా గోలు. ఎవరి గోల్లోకి అన్నది కవి చెప్పలేదు. రంగుల ప్రసారం దేశానికి వచ్చిన 1982లోనే ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్ మన గోల్లోకి ఏడు కొట్టింది, మనం ఒకటి. బొమ్మ బాగా కనపడుతుందంటే మాస్టారికి అప్పటినుంచీ అనుమానమే.

పక్కయింటి కేక = పొరుగువారి అరుపు. ముందుగా వచ్చి = మన తెర మీద గోలు పడకముందే వచ్చి. కవి చూసింది ఇంటర్నెట్‌లో, స్మార్ట్ టీవీ మీద. అందులో ప్రసారాన్ని కొన్నేసి సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. నాలుగు ముక్కలు పోగయ్యాక గాని టీవీ ఆట మొదలుపెట్టదు. డిష్ ఉన్నవాడి కంటే ఆ మేరకు వెనకే. హర్మన్‌ప్రీత్ ఇంకా నడుం వంచకముందే గోడ అవతల చప్పట్లు.

తాత్పర్యం

స్పష్టం.

అలంకారం

కారణం కంటే కార్యం ముందు జరిగితే అత్యంతాతిశయోక్తి. గోలు కారణం, కేక కార్యం, కేకే ముందు వచ్చింది కనుక ఇది ఆ అలంకారమేనని మాస్టారు. కాదు, ఉన్నదున్నట్టు చెప్పడమే కనుక స్వభావోక్తి అని నేను. మాస్టారి ఇంటి మీద డిష్ ఉంది. ఆ సాయంత్రపు కేక ఆయనదే. కేక వేసినవారికి అది అతిశయోక్తిగా తోచడంలో వింతేముంది!