జనరేటర్ బావగారు

మా అక్క కాపురంలో ఇప్పుడు ముగ్గురు మిగిలారు: అక్క, బావగారు, జనరేటరు. కొడుకు చదువుకి వెళ్లిపోయాక వాడి గది జనరేటరుకి ఇచ్చేశారని అక్క కనిపించిన వాళ్లందరికీ చెబుతుంది గానీ అది అన్యాయం. పెట్రోలు తాగే వస్తువుని బావగారు ఇంట్లోకి రానివ్వరు. దాన్ని గ్యారేజీలోనే ఉంచుతారు. కారే ఎండలో ఉంటుంది.

అమెరికాలో నలుగురు తెలుగువాళ్లున్న ఏ ఊళ్లో చూసినా ఇలాంటి పెద్దమనిషి ఒకాయన తగులుతాడు. మొదటేడు గుడారం కొంటాడు. రెండో ఏడు నడుం పట్టేసి, కారు వెనక తగిలించుకునే పదహారడుగుల ట్రైలరు కొంటాడు. మూడో ఏడు జనరేటరు. ఆ పైన ఆయన అడవికి వెళ్లేది చెట్ల కోసమో ఓల్టేజీ కోసమో కట్టుకున్నావిడ కూడా చెప్పలేదు. మా బావగారిది శాన్ రామోన్. ఎక్కడో ఉన్న కంప్యూటర్లు ఒక్క సెకను ఆగకుండా చూసుకోవడం ఉద్యోగం. కరెంటు పోతే జనం వీధిలోకొచ్చి ఆశ్చర్యపోయే ఊరది. అలాంటి చోటు నుంచి నాలుగు గంటలు బండి తోలుకుంటూ కరెంటు లేని చోటికి వెళ్లి, అక్కడ సొంతంగా కరెంటు పుట్టిస్తారు.

కరెంటున్న మకాములు లేక కాదు. చాలా చోట్ల స్తంభానికి 30 ఆంపుల ప్లగ్గుంటుంది. వైరు తగిలిస్తే ఏసీ, ఓవెను అన్నీ ఇంట్లోలాగే. బావగారికి ఆ చోట్లంటే చిన్నచూపు. "గుంజకి కట్టేసిన గేదెలాగా అదేం బతుకురా?" అంటారు. ఆయనకి గుంజ లేని చోటు కావాలి. యోసమిటీ లోయలో అప్పర్ పైన్స్ అలాంటిది.

అక్కడ చోటు దొరకడం తత్కాల్ టికెట్టు కన్నా కష్టం. నాలుగైదు నెలల ముందు, నెల 15వ తేదీన, ఉదయం 7 గంటలకి తలుపు తెరుస్తారు. వేసవి చోట్లు నిమిషాల్లో చెల్లిపోతాయి. మే చివర్లో వెళ్లాలంటే జనవరి 15న కూర్చోవాలి. అంటే సంక్రాంతి పూట. అక్క గుమ్మంలో ముగ్గేస్తుంటే బావగారు తలంటుకుని, కొత్త చొక్కా తొడుక్కుని, మూడు లాప్‌టాపుల ముందు పద్మాసనం వేస్తారు. ఒక ఏడాది మూడోదాన్ని నాకు అప్పగించారు. సరిగ్గా ఏడింటికి నేను తుమ్మాను. ఆ ఏడు మేం ఎక్కడికీ వెళ్లలేదు. ఆ తర్వాత సంక్రాంతికి నన్ను మధ్యాహ్నం భోజనానికే పిలుస్తున్నారు.

ఇక అమ్మవారి సంగతి. ఎర్రగా, చేతిపెట్టెలా ఉంటుంది. 21 కిలోలు. కొత్తవాళ్లెవరైనా దాని వైపు ఒక చూపు ఎక్కువ చూశారా, బావగారు 1965లో హోండావాళ్లు ఈ300 అనే చిన్న జనరేటరు తెచ్చిన నాటి నుంచి పురాణం అందుకుంటారు. ఆ పురాణంలో అసలు ఘట్టం వాట్లది. డబ్బా మీద 2200 అని ఉంటుంది. అది పెళ్లిచూపుల్లో చెప్పే జీతం, ఏదైనా మోటారు లేచే క్షణానికి మాత్రమే. నిలకడగా ఇచ్చేది 1800. అదీ సముద్రం ఒడ్డున. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి వెయ్యి అడుగులకి మూడున్నర శాతం చొప్పున కోత పడుతుంది. యోసమిటీ లోయ దాదాపు 4000 అడుగుల ఎత్తున ఉంది. పద్నాలుగు శాతం పోగా చేతికొచ్చేది 1550.

ఆ 1550తో ఇల్లు గడవాలి. మైక్రోవేవు ఓవెను మీద 1000 అని రాసుంటుంది. అది కూరకి పెట్టేది. ప్లగ్గులోంచి లాగేది 1500 దాకా. ట్రైలరు బ్యాటరీని నింపే ఛార్జరుకి మూడు నాలుగొందలు. నెత్తి మీదున్న ఏసీ 13,500 బీటీయూ, మన లెక్కలో టన్ను పైచిలుకు. తిరిగేటప్పుడు దానికీ 1500 అటూ ఇటూ కావాలి, లేచేటప్పుడైతే క్షణంపాటు దానికి రెండింతలు. దాన్ని బుజ్జగించి లేపడానికి సాఫ్ట్ స్టార్టరని మరో డబ్బా కొని పైన బిగించారు. "ఇదంతా ఎందుకు, ఇంకో జనరేటరు తెచ్చి రెండిటికీ జత కడితే సరి" అన్నారోసారి.

"ఒక్క సవతితోనే వేగలేకపోతున్నా" అంది అక్క. ఆ ప్రస్తావన అక్కడితో ఆగింది.

అందుకని ట్రైలర్లో అడుగుపెట్టే ప్రతి వస్తువునీ ముందు బోర్లించి, అడుగున అంటించిన చీటీ చదువుతారు. పురోహితుడికి గోత్రం ఎలాగో ఈయనకి వాట్లు అలాగ. కిందటేడు మాతో వచ్చిన ఒకావిడ జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తెచ్చుకుంది.

"ఎన్ని వాట్లమ్మా?"

"1875 అన్నయ్యగారూ."

ఆయన మొహం చూసి ఆవిడ మూడు రోజులూ తలస్నానం మానేసింది.

నేనూ ఒకసారి నోరు జారాను. ట్రైలర్లో లైట్లు 12 వోల్టుల బ్యాటరీ మీద వెలుగుతాయి. నీళ్ల పంపూ దాని మీదే. ఫ్రిజ్జు గ్యాసు మీద, పొయ్యి గ్యాసు మీద. మే నెల రాత్రి ఆ లోయలో కప్పుకోవడానికి రెండు రగ్గులు కావాలి, ఏసీ కాదు.

"మరి జనరేటరు దేనికి బావగారూ?"

"బ్యాటరీ నింపడానికి."

"ఆ పనికి ఎండ చాలదా? పక్కాయన చూడండి."

పక్క మకాంలో వయసు మళ్లిన అమెరికన్ దంపతులు. రెండు సోలారు పలకలు వడియాల గుడ్డలాగా ఎండలో పరుచుకుని, మడత కుర్చీల్లో పుస్తకాలు చదువుకుంటున్నారు. చీమ చిటుక్కుమనడం లేదు. బావగారు అటు కాసేపు చూశారు. "ఈ చెట్ల నీడలో ఏపాటి వాట్లొస్తాయిరా, పాపం" అన్నారు. ఆ రోజంతా నా ఫోను ఛార్జింగుకి ప్లగ్గు ఖాళీ దొరకలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని చూసి నవ్వలేను. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే తీసుకుపోతుంది. బావగారు గుప్పెడు దుమ్ము ఎగరేసి గాలి ఎటుందో చూస్తారు. ట్రైలరుకి ఇరవై అడుగుల పైన, పొగ గొట్టం అవతలికి తిరిగేలా జనరేటరుని దించుతారు. లోపల గోడకున్న అలారం బొత్తాం నొక్కి, కూత విన్నాకే తాడు ముట్టుకుంటారు. ఒకసారి వాన పడుతోందని ఎవరో కుర్రాళ్లు వాళ్ల జనరేటరుని ట్రైలరు పందిరి కింద కిటికీ పక్కన పెట్టుకున్నారు. ఈయన తడుస్తూ వెళ్లి తీయించి వచ్చారు. ఇంగ్లీషులో నచ్చజెప్పడం మొదలుపెట్టి తెలుగులో తిట్టడంతో ముగించారు. కుర్రాళ్లకి తెలుగే బాగా అర్థమైంది.

యోసమిటీలో జనరేటరు ఎప్పుడు పడితే అప్పుడు వేయనివ్వరు. పొద్దున్న 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7. అదీ పొదుపుగా. ఇంకెవరైనా అయితే విసుక్కునేవారు. బావగారు మొదటిసారి ఆ పట్టిక చూసి చిన్నప్పటి స్నేహితుడు ఎదురైనట్టు నిలబడిపోయారు. ఆయన పుట్టింది జంగారెడ్డిగూడెం దగ్గర మెట్ట ఊళ్లో. బోరు మోటారుకి ఒక వారం పగలు కరెంటిస్తే మరో వారం అర్ధరాత్రి. నాన్నగారు చేతిలో టార్చిలైటుతో ముందు నడుస్తుంటే, పాములకి భయపడుతూ వెనక నడిచిన పిల్లాడు ఈయన. స్టార్టరు పచ్చ బొత్తాం నొక్కే హక్కు ఆ పిల్లాడిది. అమెరికా వచ్చిన పాతికేళ్లకి మళ్లీ ఒక కరెంటు టైంటేబులు దొరికింది. ప్రింటు తీసి ఫ్రిజ్జు తలుపుకి అంటించారు.

"పెద్ద చప్పుడేం ఉండదు, 50 డెసిబెల్స్ పైచిలుకు. ఇద్దరు మనుషులు మాట్లాడుకున్నంత" అని చుట్టుపక్కల వాళ్లకి భరోసా ఇస్తుంటారు.

"మామూలు మనుషులా, మీరా?" అంటుంది అక్క.

అక్కకి ఈ టైంటేబుల్లో పనికొచ్చేది సాయంత్రం అయిదు నుంచి ఏడు. కొబ్బరి పచ్చడి ఆ రెండు గంటల్లో అయిపోవాలి. మొన్నటి ప్రయాణంలో చేరేసరికే ఆరు దాటింది. ట్రైలరు సమంగా నిలబెట్టి, చక్రాలకి అడ్డాలు పెట్టి, గాలి దిక్కు చూసి, చోకు లాగి తాడు గుంజేసరికి ఆరూ నలభై. అక్క మిక్సీ వేసింది. 550 వాట్లు. బావగారు బయట నిలబడి, వంట ఎలా ఉందో వాసన చూసినట్టు, ఇంజను శబ్దం బట్టి ఎంత లోడు పడిందో చెబుతున్నారు. ఇంతలో సెలవులకొచ్చిన మేనల్లుడు ఆకలేసి ఓవెన్లో సాంబారు పెట్టాడు.

ఇంజను ఒక్కసారి గుర్రుమంది. ఎర్ర దీపం వెలిగింది. ఆ పైన కరెంటు లేదు. ఇంజను మాత్రం తనకేమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంది.

"ఎవరది ఓవెను పెట్టింది?" అడవి మొత్తం వినిపించేలా అడిగారు బావగారు. 50 డెసిబెల్స్ కాదది.

ఓవెను ప్లగ్గు పీకించి, ఇంజను ఆపి, మళ్లీ లేపేసరికి ఏడుకి రెండు నిమిషాలు తక్కువ. మిక్సీ ఇలా అందుకుందో లేదో, రేంజరమ్మ టోపీ సర్దుకుంటూ వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. సాయంత్రం చాలా బాగుందంది. చేతి గడియారం చూసుకుంది. మళ్లీ సాయంత్రం చాలా బాగుందంది. బావగారు బొత్తాం తిప్పేశారు. ఆ రాత్రి మాకు గిన్నెలో సగం పచ్చడి, సగం కొబ్బరికాయ.

ఈ ఏడు బావగారి నాన్నగారు వచ్చారు. ఎనభై దాటిన మనిషి. ఆయన పొలానికి కరెంటు రాకముందు బావి మీద డీజిలింజను ఉండేది. హ్యాండిలు తిప్పి దాన్ని లేపడం ఊళ్లో ఆయన చేతికే లొంగేదట. ఆయన్ని అప్పర్ పైన్స్ తీసుకెళ్లి, చెట్ల సందులోంచి హాఫ్ డోమ్ చూపించాం. "కొండ బావుంది" అన్నారు. కాసేపాగి, "ఇక్కడ కరెంటు ఎప్పుడిస్తార్రా?" అని అడిగారు.

"పొద్దున్న ఏడింటికి నాన్నా."

"నయమే. పగలిస్తున్నారు."

మర్నాడు నేను లేచేసరికి ఆరున్నర. పెద్దాయన అప్పటికే కండువా భుజాన వేసుకుని జనరేటరు దగ్గర నిలబడి ఉన్నారు. ఏడు కాగానే బావగారు తాడు ఆయన చేతికిచ్చారు. నేను చూస్తుండగా ఆ తాడు ఇంకొకరి చేతికివ్వడం అదే మొదలు. పెద్దాయన దాన్ని అటూ ఇటూ చూసి, హ్యాండిలు లేని ఇంజనేమిటన్నారు. మొదటిసారి లాగితే దగ్గింది. రెండోసారికి అందుకుంది. ట్రైలర్లోంచి అక్క, అలవాటు ఎక్కడికి పోతుంది, "కరెంటొచ్చింది!" అని కేకేసింది.

పెద్దాయన తల వంచి ఇంజను ఆట విన్నారు. డొక్క మీద అరచెయ్యి ఆన్చి చూశారు. పసుప్పచ్చ వైరు పట్టుకుని దాని వెంటే ట్రైలరు దాకా నడిచారు. చుట్టూ తిరిగారు. వంగి చక్రాల కింద చూశారు. మళ్లీ ఇంజను దగ్గరకొచ్చి కొడుకు వైపు తిరిగారు.

"ఇందాకట్నుంచీ ఆడుతోంది గదా, నీళ్లెక్కడ పడుతున్నాయిరా?"

బావగారు నోరు తెరిచారు. లోపల మిక్సీలో పచ్చడి తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నోరు మూసుకుని, వెళ్లి బ్యాటరీ ముల్లు చూసుకొచ్చారు.