ట్రాక్టర్ డబ్బాల మేడారం పోవుడెట్ల?

అమెరికాలో ఉండే మా బావ కారు వెనుక చక్రాల ఇల్లు తగిలించుకుని కాన్సాస్ గడ్డి మైదానాల్లో తిరుగుతూ ఫొటోలు పంపుతుంటాడు. అందులో మంచం, పొయ్యి, ఆఖరికి లెట్రిన్ కూడా ఉందట. కరీంనగర్ పల్లెల్లో ఆ బండిని ట్రాక్టర్ డబ్బా అంటాం. రెండేళ్లకోసారి సమ్మక్క జాతరకు అందులోనే పోతాం. లెట్రిన్ ఒక్కటే తక్కువ, దానికి దారి పొడుగునా అడవి ఉంది. కొత్తగా పోయేవాళ్లకు నాలుగు ముక్కలు చెబుతాను.

ట్రాక్టర్ మనది కాకూడదు. మనదైతే దారిలో ఆగినప్పుడల్లా తిట్లు మనకే. పాలోళ్లది అడిగి తెచ్చుకోండి. డబ్బాలో మనుషులను ఎక్కించొద్దని చట్టం ఉంది కదా అని ఎవరైనా చదువుకున్నోడు అంటే, పన్ను కట్టమన్న కాకతీయులతో కొట్లాడిన తల్లి దగ్గరికి పోతున్నామని గుర్తు చేయండి. పోలీసాయన ఆపితే నాయినమ్మను ముందుకు జరపండి. మిగతాది ఆమె చూసుకుంటుంది.

డబ్బాను కడగండి. నిన్నటిదాకా మోసిన పెంట వాసన ఎట్లాగూ పోదు, కడిగామన్న తృప్తి మాత్రం మిగులుతుంది. మోకాలెత్తు వరిగడ్డి పరిచి పైన చెద్దర్లు వేసి, వెదురు బద్దలు వంచి తాడ్‌పత్రి కట్టండి. ఇంట్లో ఎంతమంది మగవాళ్లుంటే అన్ని రకాల ముళ్లు పడతాయి. పరకాల దాటకముందే అన్నీ ఊడతాయి. వెనుక తలుపు దగ్గర ఎగురుడెక్కువ, దుమ్మెక్కువ. కనుక మర్యాదగా ఆ చోటు కొత్తల్లుడికి ఇవ్వండి.

కరీంనగర్ నుంచి హుజూరాబాద్, పరకాల, భూపాలపల్లి మీదుగా దగ్గర దగ్గర 150 కిలోమీటర్లు. ఎన్ని గంటల్లో చేరతామని మాత్రం అడగకండి. గురువారం సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్క దిగేటప్పుడు పోలీసులు గాలిలోకి కాల్పులు జరుపుతారు. ఆ వేళకు మీరింకా ట్రాఫిక్‌లోనే ఉంటే అక్కడే దండం పెట్టుకోండి.

ఇక బంగారం, అంటే బెల్లం. నిలువెత్తు బంగారం మొక్కినవాళ్లు తమ బరువంత ఇవ్వాలి. మా చిన్నమ్మ కిరాణం కాంటా ఎక్కి, “చెప్పులతోని గంత చూపిస్తుంది” అని మూడు కిలోలు తగ్గించింది. ఆ పూట నుంచి మేడారం దాకా సకినాలు, గారెలు, సర్వపిండి ఆగలేదు. జంపన్నవాగులో మునిగి లేచాక నాయినమ్మ ఆమెను ఎగాదిగా చూసి, “ఇంకో అయిదు కిలోలు కొనురా” అన్నది. జాతరలో బెల్లం ధర ఇక్కడ రాయను.

కోడిపుంజును ఆర్టీసీ బస్సులో ఎక్కించి మీరు డబ్బాలో వద్దామనుకునేరు. 2024 జనవరిలో కరీంనగర్‌కొచ్చిన బస్సులో ఎవరో మరిచిన పుంజు డిపోలో వేలం నోటీసు దాకా పోయింది. డబ్బాలోనే మోయండి, కాళ్లు కట్టి, గడ్డి మూలకు. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లలను దానికి పేరు పెట్టనీయకండి.

అదే ఏడు ఫిబ్రవరిలో మా అక్క కొడుకు భూపాలపల్లి చేరేలోపు మా పుంజుకు రాజు అని పేరు పెట్టి, తన గారె సగం తినిపించి, కట్లు విప్పి ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. తీరా గద్దెలకు మొక్కి వచ్చి వంటకు కూర్చున్నాక కత్తి పట్టుకునేవాడే లేడు. పెద్దబాపు తలనొప్పి అన్నాడు. కొత్తల్లుడు నీళ్లకని పోయి రెండు గంటలకు వచ్చాడు. చివరికి నాయినమ్మే కొంగు ముడి విప్పి పైసలు తీసి, “పేరు లేనిది ఒకటి తేపో” అన్నది.

తిరుగు ప్రయాణంలో రాజు తాడ్‌పత్రి కింద కొత్తల్లుడి ఒళ్లో కూర్చుని వచ్చాడు. హుజూరాబాద్ దగ్గర కూశాడు కూడా.