వానకు అడ్రస్ తెలుసు

2025 మే నెలలో భారత క్రికెట్ బోర్డుకు ఉన్నట్టుండి వాతావరణ జ్ఞానం కలిగింది. అంతకుముందు ఏడాది ఐపీఎల్‌లో మన హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ ఫైనల్ దాకా వెళ్లిన పుణ్యాన, ఆనవాయితీ ప్రకారం మన ఉప్పల్ స్టేడియానికి రెండు ప్లేఆఫ్ మ్యాచులు రాసిపెట్టారు. మే 20న మొదటి క్వాలిఫయర్, 21న ఎలిమినేటర్. ఈలోగా సరిహద్దు ఉద్రిక్తతలతో టోర్నీ వారం రోజులు ఆగింది. తిరిగి మొదలయ్యేసరికి మిగిలిన లీగ్ మ్యాచులకు ఆరు నగరాలు మిగిలాయి, అందులో హైదరాబాద్ లేదు. ప్లేఆఫ్‌లు రెండూ చండీగఢ్ పక్కనున్న ముల్లన్‌పూర్‌కు, కోల్‌కతాకు రాసిన ఫైనల్ అహ్మదాబాద్‌కు తరలిపోయాయి. కారణం? వాతావరణమూ, మరికొన్ని అంశాలూ అన్నారు.

మే 5న ఉప్పల్‌లో ఢిల్లీ మ్యాచ్ వానపాలైన మాట నిజమే. కాదనను. కానీ జూన్ 1న అహ్మదాబాద్‌లో రెండో క్వాలిఫయర్ కూడా వాన దెబ్బకు రెండు గంటలకు పైగా ఆలస్యమైంది. అది వీఐపీ వాన అయ్యుంటుంది, పాస్ చూపించి లోపలికొచ్చింది. ‘మరికొన్ని అంశాలు’ ఏమిటో మాత్రం ఏ మేఘమూ చెప్పలేదు.

ఇంకో తమాషా చూడండి. మే 10న ఉప్పల్‌లో ఆడాల్సిన కోల్‌కతా మ్యాచ్‌ను మే 25న ఢిల్లీలో ఆడించారు. కాగితం మీద అది మన సొంతగడ్డ. ఆ కాగితం మీదే మనవాళ్లు 278 పరుగులు దంచారు. అంతకు రెండు నెలల ముందు, మార్చి 30న విశాఖలో ఢిల్లీతో ఆడినప్పుడు ఢిల్లీది సొంతగడ్డ, హైదరాబాద్ పరాయి జట్టు. అంటే ఢిల్లీలో ఆడితే మనం ఇంటివాళ్లం, విశాఖలో ఆడితే చుట్టపుచూపుగా వచ్చినవాళ్లం. భూగోళ శాస్త్రం పరీక్షలో ఇలా రాసినవాణ్ణి మా రోజుల్లో గోడకుర్చీ వేయించేవారు.

ఇదంతా మొన్నటి ముచ్చట. అసలు పాండిత్యం 2023 ప్రపంచకప్‌లో చూపించారు. పది మైదానాలు, లీగ్ దశలో భారత్‌కు తొమ్మిది మ్యాచులు. తొమ్మిదింటినీ తొమ్మిది ఊళ్లకు పంచారు. మిగిలిన పదో ఊరు ఏదో వేరే చెప్పాలా? మనకు దక్కినవి పాకిస్తాన్, నెదర్లాండ్స్, న్యూజిలాండ్, శ్రీలంక తలా కాస్త పంచుకున్న మూడు మ్యాచులు. అది కూడా తిన్నగా జరగనిచ్చారా? భారత్-పాక్ మ్యాచ్ అహ్మదాబాద్‌లో అక్టోబరు 15న పెట్టుకుని, ఆ రోజు అక్కడ నవరాత్రులు మొదలని తర్వాత గుర్తుచేసుకుని, 14కు జరిపారు. దాంతో పాకిస్తాన్‌కు విశ్రాంతి కావాలి కనుక, ఉప్పల్‌లో 12న ఉన్న పాక్-శ్రీలంక మ్యాచ్‌ను 10కి లాగారు. 9న అదే ఉప్పల్‌లో న్యూజిలాండ్-నెదర్లాండ్స్ మ్యాచ్ ఉంది. వరసగా రెండు రోజులు బందోబస్తు కష్టమని ఇక్కడి పోలీసులు అన్నారు, ఇక్కడి సంఘం బోర్డుకు మొరపెట్టుకుంది. ఇక మార్చడం కుదరదన్నారు. కోల్‌కతాలో కాళీపూజ ఉందని నవంబరు 12 మ్యాచ్‌ను మాత్రం 11కు జరపడం కుదిరింది. నవరాత్రులకు పలుకుబడి ఉంది, కాళీమాతకు పలుకుబడి ఉంది. మన గణేశుడి సంగతా? నిమజ్జనం మర్నాడు, సెప్టెంబరు 29న, పాక్-న్యూజిలాండ్ సన్నాహక మ్యాచ్‌ను ఉప్పల్‌లో ఖాళీ కుర్చీల ముందు ఆడించారు.

2026 టీ20 ప్రపంచకప్‌కు ఈ తలనొప్పే లేకుండా చేశారు. భారత్‌లో ఐదు నగరాలు ఎంచారు, హైదరాబాద్‌ను వదిలేశారు.

సరే, ఊరి సంగతి పక్కనపెట్టి లెక్కల్లోకి వద్దాం. ఐపీఎల్‌లో పది జట్లు, ఒక్కో జట్టుకు 14 మ్యాచులు. అంటే ఐదు జట్లతో రెండేసిసార్లు, నాలుగు జట్లతో ఒక్కొక్కసారి. 2025లో సన్‌రైజర్స్ ఒక్కసారే తలపడిన రాజస్థాన్, పంజాబ్, చెన్నై, బెంగళూరు నాలుగింటినీ ఓడించింది. ఓడిన ఏడు మ్యాచులూ రెండేసిసార్లు ఎదురైన ఐదు జట్ల చేతుల్లోనే. పట్టికలో పైన ఉన్న రెండు జట్లూ, అడుగున ఉన్న రెండు జట్లూ ఆ నాలుగే కాబట్టి ఇది కుట్ర అని నేననను. చీటీల్లో అలా పడింది. చీటీలు తీసి పంచిన పరీక్ష పేపర్లకు అందరికీ ఒకే ర్యాంకుల పట్టిక ఏమిటన్నదే నా సందేహం.

ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ లీగ్‌లోనూ ఇదే జబ్బు. 18 జట్లు, తలా 23 మ్యాచులు, ఆరుగురు ప్రత్యర్థులతో రెండోసారి ఆట. ఫైనల్ మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లోనే జరగాలని 2059 దాకా ఒప్పందం. పెర్త్ జట్టు ఫైనల్‌కొస్తే ఖండం ఈ చివర నుంచి ఆ చివరకు ఎగరాల్సిందే. పోనీ, అక్కడ పక్షపాతానికి తేదీ వేసి సంతకం చేశారు. ఇక్కడ దాన్ని వాతావరణ శాఖ ఖాతాలో రాస్తారు.

ఇవన్నీ హైటెక్ సిటీ కుర్రాళ్లకు చెబితే నవ్వుతారు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, స్టేడియం స్టేషన్‌లో దిగి, ఏడున్నర మ్యాచ్ కోసం మేనేజర్‌కు అబద్ధం చెప్పి వచ్చే జనం వాళ్లు. ప్రపంచంలోని సగం కంపెనీల షిఫ్టులూ రోస్టర్లూ మాదాపూర్ అద్దాల మేడల్లోనే తయారవుతాయి, పది జట్ల షెడ్యూల్ వాళ్లకో లెక్కా? కానీ క్లయింట్ ఎవరో ముందు కనుక్కోమంటారు. క్లయింట్ టీవీ, మొబైల్ తెరలు. 2023 నుంచి ఐదేళ్ల ప్రసార హక్కులకు 48,390 కోట్లు, 410 మ్యాచులు, అంటే మ్యాచ్‌కు 118 కోట్లు. ఇందులో ప్రేక్షకుడు యూజర్ కూడా కాడు, బ్యాక్‌గ్రౌండ్ సౌండు.

పది జట్లూ ఒకదానితో ఒకటి రెండేసిసార్లు ఆడాలంటే 90 మ్యాచులు, ప్లేఆఫ్‌లు 4, మొత్తం 94. ఆ అంకె ప్రసార హక్కుల టెండరులో ఉంది, 2027 గడిలో. న్యాయం కోసం కాదు, సరుకు కోసం. అదే టెండరులో 2025కు 84 అని ఉంటే, ఆడించింది 74. కొండాపూర్ కుర్రాడెవరైనా దీన్ని బగ్ అని రిపోర్ట్ చేస్తే, సాయంత్రానికల్లా టికెట్ మూసేస్తారు: ‘వర్క్స్ యాజ్ డిజైన్డ్’.