కంపెనీకి నేనే జామీను

ఆ రాత్రి హైదరాబాద్‌లో ఓ కార్పొరేట్ ఆసుపత్రి కౌంటర్ ముందు నాకో కొత్త హోదా దక్కింది. లక్షల మంది దగ్గర ప్రీమియం వసూలు చేసే ఇన్సూరెన్స్ కంపెనీకి, నెల జీతగాణ్ని నేను జామీను నిలబడ్డాను.

పిత్తాశయంలో రాళ్లతో మామగారు చక్రాల కుర్చీలో మెలికలు తిరిగిపోతున్నారు. పది లక్షల క్యాష్‌లెస్ కార్డు కౌంటర్ మీద పెట్టాను. ఆ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, "పాతిక వేలు అడ్వాన్స్ కట్టండి సార్" అంది.

"క్యాష్‌లెస్ కదమ్మా?"

"క్యాష్‌లెస్సే సార్. క్యాష్ అక్కర్లేదు, ఫోన్‌పే చేసినా చాలు."

"ఎందుకు కట్టాలి?"

"హాస్పిటల్ పాలసీ సార్."

నా చేతిలో ఉన్నదీ పాలసీయే. పదకొండేళ్లుగా ఏటేటా డబ్బు కట్టి నిలబెట్టుకున్నది. వాళ్లది పైసా కట్టకుండానే అమల్లోకి వచ్చింది.

కంపెనీ ఎక్కడ కోత పెడుతుందోనని ఆసుపత్రికి అనుమానం. ఆసుపత్రి ఎక్కడ బిల్లు పెంచుతుందోనని కంపెనీకి అనుమానం. అయినా ఇద్దరూ ఒప్పందం రాసుకుని దానికి 'నెట్‌వర్క్' అని పేరు పెట్టుకున్నారు. తాకట్టు మాత్రం మూలుగుతున్న మనిషి తాలూకు వాళ్లు పెట్టాలి!

నిబంధనలు లేవా అంటే, బ్రహ్మాండంగా ఉన్నాయి. క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు కంపెనీ ఏదో ఒకటి తేల్చాలని 2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. డిశ్చార్జికి మూడు గంటల గడువు. అది దాటి ఆసుపత్రి అదనంగా వడ్డిస్తే, ఆ ఖర్చు కంపెనీ వాటాదారుల సొమ్ములోంచే పోవాలి. ఇంత చెప్పిన సంస్థ ప్రధాన కార్యాలయం ఎక్కడో కాదు, ఈ ఊళ్లోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. కానీ దాని కర్ర కంపెనీల వీపు దాకానే. ఆసుపత్రి కౌంటర్ దాని పొలిమేర అవతల.

"ఇన్సూరెన్స్ ఇవ్వని ఐటమ్స్ ఉంటాయి సార్, వాటికోసం" అని మరో సమాధానం. సరే అనుకున్నాను. నాలుగో రోజు బిల్లు చూస్తే అలాంటివన్నీ కలిపి 2,140 రూపాయలు. అందులో దువ్వెన ఒకటి. మామగారిది నలభయ్యో ఏటి నుంచే నున్నటి గుండు. పైగా దువ్వెన, టూత్‌బ్రష్, చెప్పుల్లాంటివి గది అద్దెలోనే కలిసిపోవాలని ఐఆర్‌డీఏఐ జాబితాలో ఉంది.

ఖాతాలో పాతిక వేలున్నాయి గనక ఇలా నవ్వుతూ చెబుతున్నాను. లేనివాడు ఆ అర్ధరాత్రి పెళ్లాం మెళ్లోని గొలుసు వంక చూస్తాడు. ఆ చూపు చూడాల్సిన అవసరం రాకూడదనే కదా, ఇన్నేళ్లూ ప్రీమియం కట్టింది!

పది రోజుల్లో వస్తుందన్న రిఫండ్ ఇరవై మూడో రోజున, కోతలు పోను, వడ్డీ లేకుండా వచ్చింది. ఆ కబురు చెబితే మామగారు జేబులోంచి దువ్వెన తీసి నా చేతిలో పెట్టారు.

"దాచండి అల్లుడుగారూ. ఈసారి అడ్వాన్స్ అడిగితే ఇది తాకట్టు పెడదాం."