బావగారు లేని ఫొటోలు

కుటుంబంలో సగం మందికి ఆయన వరసకు బావ. వరస కలవని మిగతా సగం మందీ వినీ వినీ బావగారనే పిలుస్తారు. ఆయన చేతిలో కెమెరా పడి ముప్పయ్యేళ్లు దాటింది. వెళ్లిన ప్రతి ఊరికీ ఓ ఆల్బమ్ ఉంది, ఏ ఆల్బమ్‌లోనూ బావగారు లేరు. కొత్తగా వచ్చిన తోడల్లుడు అవన్నీ తిరగేసి, "పెద్దల్లుడుగారు మీతో ఎక్కడికీ రారాండీ?" అని అత్తగారిని అమాయకంగా అడిగాడు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో పదకొండు మందీ హైదరాబాదులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి విశాఖలో దిగారు. లాడ్జిలో సామాన్లు పడేసి, కాఫీ కూడా తాగనివ్వకుండా బావగారు అందర్నీ ఆర్కే బీచ్‌కి తోలుకెళ్లారు. వెనక సముద్రం, అందులోంచి లేస్తున్న సూర్యుడు, ముందు కుటుంబం. ఇదీ ఆయన పథకం.

విశాఖలో సముద్రమూ తూర్పే, సూర్యుడూ తూర్పే. ఇద్దర్నీ ఫొటోలో పట్టాలంటే మనుషులు ఎండకి వీపు పెట్టాలి. ఫోను కెమెరా ఎదురుగా ఉన్న వెలుతురంతా కలిపి లెక్కేసుకుంటుంది. ఆకాశం ధగధగలాడుతుంటే, వెలుగు ఎక్కువైందనుకుని మొత్తం తగ్గించేస్తుంది. పది మందీ బొగ్గుతో గీసినట్టు వచ్చారు. బావగారు తెర మీద అత్తగారి మొహాన్ని వేలితో నొక్కారు. మొహం తేలింది గానీ ఆకాశం సున్నం కొట్టిన గోడలా తెల్లబోయింది, సూర్యుడు గల్లంతు.

"సూర్యుడు కావాలో పెళ్లాం పిల్లలు కావాలో తేల్చుకోండి" అంది ఆయన భార్య.

"అయితే సాయంత్రం సముద్రంలో సూర్యాస్తమయం తీద్దాం."

"అది గోవాలోనండీ! ఇక్కడ ఊళ్లోకి దిగుతాడు."

నిజానికి తూర్పు తీరంలో ఫొటోలకి సాయంత్రమే మేలు. సూర్యుడు ఊరి వైపు వాలుతుంటే, సముద్రానికి వీపు పెట్టిన వాళ్ల మొహాల మీద ఏటవాలుగా మెత్తటి వెలుతురు పడుతుంది. ఆ మాట ఒప్పుకుంటే పొద్దున్నే లేపినందుకు పది మందికీ సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకని బావగారు గుంపుని కురుసుర వైపు మళ్లించారు.

కురుసుర 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమణ పొంది, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి. పొడవు 91 మీటర్లు. దాన్ని తోక నుంచి ముక్కు దాకా పట్టించాలని బావగారు వెనక్కి నడిచారు, నడిచారు, బీచ్ రోడ్డు దాకా నడిచారు. ఓ ఆటో హారన్ కొడితే గానీ ఆగలేదు. జలాంతర్గామి పూర్తిగా వచ్చింది. దాని ముందు ఏవో పది చీమలు కూడా ఉన్నాయి.

"పాయింట్ ఫైవ్‌లో పెట్టు బావా" అని చిన్న బావమరిది సలహా ఇచ్చాడు. వైడ్ లెన్స్‌తో దగ్గర్నుంచే ఎక్కువ మేర పడుతుంది, కాదనం. కాకపోతే అంచుల్లో నిలబడ్డ వాళ్లని అది పక్కలకి సాగదీస్తుంది. ఈ సంగతి ఆడవాళ్లకి బావగారి కంటే ముందే తెలుసు. రెడీ అనగానే రెండు చివర్ల నుంచీ మధ్యకి తోపులాట మొదలైంది. ఆఖరికి అంచులకి మిగిలింది మామగారూ, నీళ్ల బాటిళ్ల సంచీ.

రీలు కాలంలో ఈ హంగామా లేదు. 36 ఫొటోలే కాబట్టి బావగారు మూడు రోజుల ట్రిప్‌లో ఒక్కో నొక్కునీ ఉప్పులా వాడేవారు. ఓసారి రీలు పూర్తిగా చుట్టుకోకముందే ఓ మేనల్లుడు కెమెరా వెనక మూత తెరిచాడు. భీమిలి మొత్తం వెలుతురు తగిలి పోయింది. ఆ మేనల్లుడికిప్పుడు నలభై దగ్గర పడుతున్నాయి, ఇప్పటికీ బావగారు కెమెరా వాడి చేతికివ్వరు.

తనని తాను ఫొటోలో ఇరికించుకోలేని బాధ బావగారొక్కరిదే కాదు. జపాన్‌లో మినోల్టా కంపెనీ ఇంజనీరు హిరోషి ఉయెదా, పారిస్‌లో ఫొటో తీయమని ఓ పిల్లాడికి కెమెరా ఇస్తే వాడు దాంతో ఉడాయించాడట. దాంతో 1980లలో ఆయన కెమెరాకి కర్ర తగిలించి పేటెంటు తీసుకున్నాడు. 1995లో వచ్చిన ఓ పుస్తకం సెల్ఫీ కర్రని పనికిరాని జపాన్ కనిపెట్టుళ్ల జాబితాలో వేసింది. బావగారి దగ్గరా ఓ కర్ర ఉంది. దాంతో తీస్తే ఆయన గడ్డమూ, వెనకెక్కడో బంధువులూ వస్తారు.

సాయంత్రం మురీ మిక్చర్ తింటుంటే అత్తగారు పట్టుబట్టారు. "ఒక్కటైనా అల్లుడుగారితో ఉండాలి." బండతను చేతికంటిన నిమ్మరసం తువ్వాలుకి తుడుచుకుని ఫోను అందుకున్నాడు. ఉప్పుగాలికి మసకబారిన లెన్సుని అదే తువ్వాలుతో ఓ రుద్దు రుద్దాడు. పొద్దుట్నుంచీ ఆ పని ఎవరికీ తోచలేదు.

"ఇటు సూడండి బాబూ!"

ఒకే ఒక్క నొక్కు. మొహాల మీద ఎండ, వెనక గీత గీసినట్టు సముద్రం, పదకొండు మందీ ఉన్నారు. ఖాళీగా ఉన్న అంచులోకి పరిగెత్తుకెళ్లి నిలబడ్డ బావగారు మాత్రం ఒకటిన్నర మనిషంత సాగి, చెయ్యి చాచి, "ఆ కరెంటు స్తంభం తప్పించవయ్యా" అంటూ నోరు తెరుచుకుని ఉన్నారు.

రాత్రి బావగారు కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో పెట్టారు, ఎడమ అంచు కత్తిరించి. కంపోజిషన్ దెబ్బతింటోందట.