పూతలోనే ర్యాంకు

పూతలపట్టులో నాయుడుపేట రోడ్డెక్కితే రెండు గంటల్లో ఏర్పేడు. 2015లో మొదలైన తిరుపతి ఐఐటీ అక్కడే ఉంది. అదే ఐఐటీకి స్కూళ్ల ‘ఫౌండేషన్’ కోర్సు మీదుగా పోతే ఏడేళ్ల ప్రయాణం. ఆరో క్లాసులో ఎక్కాలి, మధ్యలో దిగకూడదు. టికెట్టు మాత్రం ఏటా కొత్తగా కొనాలి.

సంక్రాంతి పోయిన వారానికే మా పక్కింటి మామ మామిడి తోటకు ఒక స్కూలు పీఆర్‌వో బండేసుకుని వచ్చాడు.

‘‘పెద్దాయనా, నీ మనవడు ఆరో క్లాసుకు వస్తా ఉండాడంట గదా. ఇప్పుడు చేర్చకపోతే లేటైపోతాది.’’

పదకొండేళ్లకే లేటు! వాడు పుట్టడమే ఆలస్యంగా పుట్టాడన్నమాట.

జేఈఈలో అడిగేది ఇంటర్ రెండేళ్ల పాఠాలే. మరి ముందరి ఐదేళ్లు? పునాది అంటారు. ఐదేళ్లు తవ్వితే మా వైపు దాన్ని పునాది అనరు, బావి అంటారు.

2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షల పైచిలుకు. వాళ్లలో అడ్వాన్స్‌డ్ గడప తొక్కనిచ్చేది రెండున్నర లక్షల మందిని. దేశంలోని 23 ఐఐటీల్లో కలిపి ఆ ఏడాది సీట్లు 17,740. పీఆర్‌వో తెచ్చిన కరపత్రంలో మాత్రం చేరిన ప్రతి పిల్లోడికీ ఒకటి రాసిపెట్టి ఉంటుంది. లెక్కలు చెప్పేవాళ్లకు ఇంత చిన్న భాగహారం రాదా? ఎందుకు రాదు! ఫీజు దగ్గర రూపాయి తేడా రానివ్వరు.

పదహారేళ్లు నిండని పిల్లల్ని కోచింగ్ సెంటర్లో చేర్చుకోవద్దనీ, ర్యాంకు గ్యారంటీ అని నమ్మించొద్దనీ 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలిచ్చింది. మనవాళ్లకేం భయం? గేటు మీద రాసింది ‘స్కూల్’ అని కదా! కల్లుముంతకు పాలచెంబని పేరు పెడితే అడిగేదెవరు?

మామ వేసిన తోతాపురి అంట్లకు ఇంకా మూడేళ్లు నిండలేదు. అప్పుడే పూత పట్టింది. పీఆర్‌వో మాట వింటూనే ఒక్కో పూతగుత్తినీ గోటితో గిల్లి పారేస్తున్నాడు.

‘‘అయ్యో, ఎందుకు తుంచేస్తా ఉండావు పెద్దాయనా? కాయలు కాసేది గదా!’’

‘‘చెట్టు ఎదగాల గదప్పా. ఇప్పుడే కాయనిస్తే వేరు బలపడదు, కొమ్మ సాగదు. జన్మకు గిడసబారిపోతాది.’’

ఇంతకు మించిన విద్యావిధానం ఏ కమిటీ రాస్తుంది అనుకుంటూ నేను చెయ్యెత్తి దండం పెట్టబోయాను. అంతలో మామ ఇంకో పూత గిల్లి, ‘‘అయితే ఆరో క్లాసుకు ఫీజెంతప్పా?’’ అన్నాడు.

ఇక ఆగలేక కరపత్రం నేనే అందుకున్నాను. ర్యాంకర్ల ఫొటోలు వరుసగా ఉన్నాయి.

‘‘కాణిపాకం పక్కనే గదా. కోనేట్లో మునిగి, ‘ఈ పిల్లోళ్లంతా ఆరో క్లాసు నుంచీ మా దగ్గరే చదివినారు’ అని వినాయకుడి ముందర ప్రమాణం చెయ్యప్పా. మా వీధి పిల్లోళ్లను మొత్తం చేర్పిస్తాం.’’

అతను కరపత్రం నా చేతిలోంచి మెల్లగా లాక్కుని, బండి స్టార్ట్ చేశాడు.

‘‘దానికి హెడ్డాఫీసు పర్మిషన్ కావాల సార్!’’