భుజకీర్తి సొర: టీకా తాత్పర్య సహితం

నీటఁ బుట్టి కూడ నీదక నడిచెడి
మచ్చసొరకు ఱెక్క మడమ కాదె?
పీత వేట కేఁగు పెనుచీఁకటుల వేళ
నూపిరాడకున్న నుసురు నిలుపు!

అవతారిక: పద్యకర్త ఎవరని అడక్కండి. వ్యాఖ్యానానికి పద్యం దొరకనప్పుడు టీకాకారుడే ఒకటి అల్లుకోవడం లోకంలో ఉన్నదే. ఇందులో నాయకుడు ఎపాలెట్ షార్క్. కాపురం ఆస్ట్రేలియా ఉత్తర తీరం, న్యూగినీ దక్షిణ తీరం, అక్కడి పగడపు దిబ్బలు. ఫ్రెంచి పండితుడు బొనతేర్ 1788లో దీన్ని గ్రంథస్థం చేశాడు.

టీక: ఈదక = ఈత రాక కాదు, అవసరం పడక. మచ్చసొరకు = రొమ్ము రెక్కలకు కాస్త పైన, అటొకటి ఇటొకటి, తెల్లటి అంచున్న పెద్ద నల్లమచ్చలు గలదానికి. సైనికాధికారుల భుజాల మీది అలంకారాలను తలపించాయని దొరలు ఆ పేరు పెట్టారు. మన లెక్కలో భుజకీర్తులు. రాజ్యం మాత్రం మోకాలి లోతు నీళ్లు.

ఱెక్క మడమ కాదె = రెండు రొమ్ము రెక్కలూ, రెండు కటి రెక్కలూ బాగా కండపట్టి, ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. వాటిని అడుగున ఆనించి, ఒళ్లు అటూ ఇటూ మెలితిప్పుకుంటూ నడుస్తుంది. ఆటు వేళ ఒక గుంట ఎండితే తేలిన దిబ్బ మీదుగానే పక్క గుంటకు పోతుంది. "సొరకు ఎముకే లేదు, ఒళ్లంతా మృదులాస్థి, మడమ ఎక్కడిది?" అని పూర్వపక్షం. యతి కోసం వచ్చిందని సమాధానం.

పీత వేట కేఁగు = పీతలు, రొయ్యలు, ఇసుకలోని పురుగులు దీని ఆహారం. మూతి ఇసుకలో దూర్చి వెతుకుతుంది. చిక్కినదాన్ని గుటుక్కున మింగదు, నిమిషాల తరబడి నములుతుంది. సినిమా సొరల పరువు ఇక్కడే పోయింది.

ఊపిరాడకున్న = పద్యానికి ప్రాణం ఈ పాదమే. రాత్రి ఆటు తగిలితే దిబ్బ మీది గుంటలకు సముద్రంతో సంబంధం తెగిపోతుంది. చీకట్లో నాచు ప్రాణవాయువు తయారు చేయదు, పగడాలూ మిగతా జీవులూ పీల్చడం మానవు. తెల్లవారేలోగా గుంటలో ప్రాణవాయువు అడుగంటుతుంది. అప్పుడీ సొర గుండె వేగం తగ్గించుకుంటుంది, రక్తపోటు దించుకుంటుంది, మెదడుకు పోయే రక్తనాళాలను మాత్రం వెడల్పు చేసుకుంటుంది. ఆ మెదడు చేసే ఖర్చునూ కుదించుకుంటుంది. ప్రయోగశాలలో ప్రాణవాయువు బొత్తిగా లేని నీటిలోనూ గంటసేపు తట్టుకుని, తర్వాత మామూలుగా తిరిగింది. మన మెదడు కొద్ది నిమిషాలకే చెడిపోతుంది. దీన్ని యోగపరంగా అన్వయించి కుంభకం, సమాధి అనే వ్యాఖ్యాతలు తప్పక పుడతారు. అంత దూరం పోనక్కర్లేదు. అది అక్కడ ఉన్నది మోక్షం కోసం కాదు, పీత కోసం.

తాత్పర్యం: మహా పెరిగితే మూడున్నర అడుగులు. మనిషి జోలికి రాదు. పట్టుకుని నలిపితే కరవవచ్చు, ఆమాత్రం ఎవరైనా చేస్తారు.

విశేషం: గుడ్ల ఊసు ఎత్తకపోవడం కవి లోపం. ఈ సొర పెంకు లేని, తోలు సంచి లాంటి గుడ్లను జంటలుగా పెడుతుంది. ఒక్కోటి నాలుగంగుళాల పొడవు. పిల్ల బయటికి రావడానికి దాదాపు నాలుగు నెలలు. నీళ్లు వేడెక్కితే ఈ లెక్క తప్పుతుంది. 2021లో వెలువడిన ఒక పరిశోధనలో 27 డిగ్రీల నీటిలో సుమారు 125 రోజులు పట్టిన పొదుగుదల, 31 డిగ్రీల నీటిలో సుమారు 100 రోజులకే ముగిసింది. అలా తొందరగా వచ్చిన పిల్లలు చిన్నవిగా, నీరసంగా ఉన్నాయి. పచ్చసొన గుడ్డులోనే అయిపోవడంతో పుట్టీ పుట్టగానే ఆహారం వెతుక్కోవలసి వచ్చింది.